తను చెప్పిన సినిమాలు

నాకు బాగా గుర్తున్న సినిమాల్లో చాలావాటిని నేను హాల్లో చూడలేదు. నా చిన్ననాటి స్నేహితురాలు చెబితే విన్నాను. టైటిల్స్ దగ్గర మొదలుపెట్టి శుభం కార్డు దాకా ఒక్క సీను వదలకుండా చెప్పేది. హీరో వచ్చేటప్పుడు వెనక మోగే మ్యూజిక్ నోటితోనే వాయించేది. ఫైటు వస్తే కూర్చోలేక లేచి నిలబడేది. పాట వస్తే పల్లవి పాడి, చరణానికి ముందు ఆగి, "ఇక్కడ పసుపు ఓణీలో వస్తుందే, ఆ ఓణీ అంచు చూడాలి నువ్వు" అనేది. ఎప్పుడో టీవీలో అదే సినిమా వస్తే కూర్చుని చూసేదాన్ని. ఓణీ కనబడేది, అంచూ కనబడేది. కానీ తను చెప్పినప్పుడు నా కళ్ళకు కట్టినంత బాగా ఉండేవి కావు.

బెజవాడ సత్యనారాయణపురంలో మా ఇళ్ళు ఒకే వీధిలో ఎదురెదురుగా ఉండేవి. వాళ్ళమ్మని పిన్ని అనేదాన్ని, వాళ్ళ నాన్నని బాబాయ్ అనేదాన్ని. చుట్టరికం ఏమీ లేదు, చిన్నప్పుడు అలా అలవాటైపోయింది. బాబాయ్ గాంధీనగర్లో ఒక డిస్ట్రిబ్యూషన్ ఆఫీసులో రిప్రజెంటేటివ్‌గా చేసేవాడు. ఆ ఉద్యోగం ఏమిటో ఇప్పటి పిల్లలకు తెలియకపోవచ్చు కాబట్టి కాస్త చెబుతాను.

తెలుగు సినిమా వ్యాపారంలో మన ప్రాంతాన్ని ఏరియాలుగా పంచుకుంటారు. నైజాం అంటే తెలంగాణ, సీడెడ్ అంటే రాయలసీమ, ఇక వైజాగ్, ఈస్ట్, వెస్ట్, కృష్ణా, గుంటూరు, నెల్లూరు. కృష్ణా ఏరియా హక్కులు కొన్నవాళ్ళ ఆఫీసులు గాంధీనగర్ సందుల్లోనే ఉండేవి. నవయుగ, లక్ష్మీ ఫిలింస్ లాంటి పెద్ద పేర్లన్నీ మా ఊళ్ళో వినబడేవే. సినిమా తీసేది మద్రాసులోనో హైదరాబాదులోనో కావచ్చు, డబ్బాల్లో ఊరూరికీ బయలుదేరేది మాత్రం బెజవాడ నుంచి. బాబాయ్ ఆ ప్రింటు బాక్సు వెంట నూజివీడు వెళ్ళేవాడు, గుడివాడ వెళ్ళేవాడు, జగ్గయ్యపేట, అవనిగడ్డ, బందరు వెళ్ళేవాడు. ప్రతి ఆటకీ టికెట్ల పుస్తకాల్లో మొదటి నంబరు, చివరి నంబరు రాసుకోవాలి. నేల ఎన్ని, బాల్కనీ ఎన్ని తెగాయో లెక్క చూసి డీసీఆర్ మీద, అంటే ఆ రోజు వసూళ్ళ కాగితం మీద, సంతకం పెట్టాలి. గ్రాస్ ఎంత, పన్ను పోగా నెట్ ఎంత, హాలు అద్దె పోగా షేర్ ఎంత అన్నది మాకు ఎక్కాలతో పాటే వచ్చేసింది.

ఆయన దగ్గర ఒక నియమం ఉండేది. తన సినిమా ఆడుతున్న హాలుకి మేము వెళ్ళినా సరే, డబ్బిచ్చి టికెట్టు కొనాల్సిందే. "లెక్క చూసేవాడి ఇంట్లోవాళ్ళే ఊరికే కూర్చుంటే ఇక నా సంతకానికి విలువేముందమ్మా" అనేవాడు. వీధిలో పిల్లలందరూ మాకు పాసులొస్తాయనుకునేవారు. మేము మాత్రం లేడీస్ క్యూలో నిలబడి, చెమటకి తడిసిన పల్చటి టికెట్టు ముక్కని అరచేతిలో పట్టుకుని లోపలికి వెళ్ళేవాళ్ళం. నాకు అదే ఇష్టంగా ఉండేది.

ఆంధ్రలో మొట్టమొదటి సినిమా హాలు బెజవాడలోనే వెలసిందని, 1921లో పోతిన శ్రీనివాసరావు గారు కట్టిన మారుతి అదేనని బాబాయ్ ఎంతో గర్వంగా చెప్పేవాడు. సొంత తాతగారు కట్టించినట్టు చెప్పేవాడు. మేము పుట్టేటప్పటికే పాత హాళ్ళ వైభవం చాలావరకు తగ్గింది. అయినా అలంకార్, అప్సర, అన్నపూర్ణ–శకుంతల, రాజ్–యువరాజ్, శైలజ అని వరసపెట్టి తలుచుకుంటే చాలు, ఒక్కొక్క హాలు మెట్లు, ఒక్కొక్క హాలు తెర పైకి లేచే పద్ధతి నాకు వేరువేరుగా గుర్తొస్తాయి. కొత్త సినిమా పడిన శుక్రవారం గాంధీనగర్ మీదుగా రిక్షా కూడా వెళ్ళేది కాదు.

బాబాయ్ ఊళ్ళ నుంచి వచ్చేటప్పుడు ప్రింటు తెగితే కత్తిరించి పారేసిన ఫిల్ము ముక్కలు జేబులో వేసుకుని తెచ్చేవాడు. మాకు అంతకన్నా పెద్ద బహుమతి లేదు. మాడిపోయిన బల్బు వెనక మూత ఊడగొట్టి, లోపలి తీగలు తీసేసి, నీళ్ళు నింపేవాళ్ళం. తలుపులన్నీ మూసి, పెరట్లో అద్దం పెట్టి కిటికీ సందులోంచి ఎండని గదిలోకి కొట్టించేవాళ్ళం. మధ్యలో బల్బు, దాని ముందు ఫిల్ము ముక్క, గోడ మీద బాబాయ్ తెల్ల పంచె. ఫిల్ముని తలకిందులుగా పట్టుకుంటేనే బొమ్మ నిలువుగా పడుతుందని కనిపెట్టింది తనే. సెకనుకి 24 బొమ్మలు తిరుగుతాయని బాబాయ్ చెప్పాడు. మా చేతికొచ్చే ముక్కలో అయిదారు బొమ్మలకు మించి ఉండేవి కావు. అంటే తెర మీద సెకనులో అయిదో వంతు. ఆ కాస్త దాని నుంచి తను పూర్తి కథ అల్లేది. ఒక ముసలాయన తలుపు వైపు చూస్తున్న బొమ్మ ఒకటి ఉండేది. ఏ సినిమాలోదో బాబాయ్‌కి కూడా తెలియదు. ఆ ముసలాయనకి ముగ్గురు కూతుళ్ళని, చిన్నది అలిగి వెళ్ళిపోయిందని, ఇప్పుడు తలుపు చప్పుడైందని తను చెబుతుంటే, వచ్చింది ఆ కూతురేనా కాదా అని నాకు రాత్రి నిద్ర పట్టలేదు. తనకి కథ చెప్పడం అక్కడే వచ్చిందని నా నమ్మకం.

కాస్త పెద్దయ్యాక లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల షాపుల ముందు గంటలకొద్దీ నిలబడేవాళ్ళం. సితార, శివరంజని లాంటి సినిమా పత్రికల పాత సంచికలు కట్టలుగా ఉండేవి. జనవరిలో స్వరాజ్య మైదానంలో పుస్తకాల పండగ పెడితే ఇంట్లో గైడ్లు కొంటామని చెప్పి సినిమా పుస్తకాలే తిరగేసేవాళ్ళం. తను మహేష్ బాబు అభిమాని, నేను ప్రభాస్ అభిమానిని. తన అభిమానానికి బంధుత్వం కూడా తోడయ్యేది. పిన్ని పుట్టిల్లు తెనాలి. మహేష్ వాళ్ళ నాన్న కృష్ణగారి ఊరు బుర్రిపాలెం ఆ పక్కనే. "మా అమ్మమ్మ వాళ్ళ ఊరోళ్ళే" అనేది, ఇక దాని మీద మాట్లాడటానికి ఏమీ లేనట్టు. ప్రభాస్ వాళ్ళ ఊరు మొగల్తూరులో నాకెవరూ లేరు కాబట్టి ఆ వాదనలో ఎప్పుడూ తనదే పైచేయి.

2009లో పది పాసవగానే నన్ను ఊరి బయట ఒక రెసిడెన్షియల్ కాలేజీలో వేశారు. ఇల్లు ఆటోలో వెళ్ళేంత దూరంలోనే ఉన్నా హాస్టల్లో ఉండాల్సిందే. తెల్లవారుజామున మొదలైతే రాత్రి స్టడీ అవర్ దాకా ఎంసెట్ తప్ప ఇంకో ప్రపంచం ఉండేది కాదు. టీవీ లేదు, పేపరు లేదు, ఫోను లేదు. ఆదివారం ఇంట్లోవాళ్ళు వచ్చి కూర్చునే రెండు గంటలే మాకు గాలి ఆడే టైము. ఇంట్లోవాళ్ళని తప్ప లోపలికి రానివ్వరు. మా అమ్మ తనని వెంటబెట్టుకుని వచ్చి గేటు దగ్గర "మా రెండో అమ్మాయండీ" అని చెప్పేది.

అమ్మ తెచ్చిన పులిహోర నేను తింటుంటే తను సినిమా మొదలుపెట్టేది. మొదట్లో నేనొక్కదాన్నే వినేదాన్ని. తర్వాత ఆ వారం ఇంటి నుంచి ఎవరూ రాని పిల్లలు పక్కన చేరడం మొదలైంది. ఒంగోలు పిల్ల, కావలి పిల్ల, ఏలూరు నుంచి వచ్చిన అక్కచెల్లెళ్ళు. చెట్టు కింద సిమెంటు బెంచీ చుట్టూ నిలబడేవారు. కామెడీ సీను చెబితే అందరం ఒకేసారి నవ్వేవాళ్ళం, వార్డెన్ తల తిప్పి చూసేది. ఎప్పుడు ఆపాలో తనకి తెలుసు. సరిగ్గా ఇంటర్వెల్ దగ్గర ఆగి, "మంచినీళ్ళు" అనేది. నాలుగు బాటిళ్ళు ఒకేసారి ముందుకొచ్చేవి. పరీక్షల టెన్షన్లో ఏడ్చి పడుకున్న రోజులు నాకూ ఉన్నాయి. ఆదివారం తను వస్తుందనుకుంటే శనివారం రాత్రికే నెమ్మదించేదాన్ని.

వాటన్నిటిలోకీ మరిచిపోలేనిది మాయాబజార్. 1957లో వచ్చిన ఆ సినిమాకి రంగులు వేసి 2010 జనవరి 30న మళ్ళీ విడుదల చేశారు. తను వాళ్ళ మామ్మని తీసుకెళ్ళి చూసొచ్చింది. తర్వాతి ఆదివారం మామ్మ కూడా హాస్టలుకి వచ్చింది. కథ మా అందరికీ వచ్చిందే, మాటలు కూడా వచ్చినవే. కాబట్టి తను ఆ రోజు కథ చెప్పలేదు, రంగులు చెప్పింది. పందిట్లో తోరణాల రంగు, సావిత్రి కట్టిన చీరల రంగు, పీఠం మీద పరిచిన గుడ్డ రంగు. తను ఒక్కొక్కటీ చెబుతుంటే మామ్మ అడ్డుపడేది. మామ్మ పన్నెండేళ్ళ పిల్లగా మొదటిసారి చూసినప్పుడు శశిరేఖ చీర ఆవిడ మనసులో వేరే రంగట. "అది మామిడి చిగురు రంగే. నాకు తెలుసు. వీళ్ళు ఇంకేదో వేశారు" అని గట్టిగా వాదించింది. మనవరాలు నవ్వి, "సరే మామ్మా, అదే వేద్దాం" అని అక్కడి నుంచి ఆ చీర మామిడి చిగురు రంగులోనే చెప్పింది. శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడు అద్దం ముందు నడిచే నడకని సావిత్రి ఎలా చేసిందో చూపించడానికి ఆ చెట్టు కింద చెయ్యి నడుం మీద పెట్టుకుని నడిచింది. మామ్మ కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వింది. సావిత్రిది కృష్ణ అవతల చిర్రావూరు, డాన్సు నేర్చుకుంది బెజవాడలోనే అని మామ్మ అక్కడున్న పిల్లలందరికీ చెప్పింది. ఇప్పటికీ ఆ సినిమా టీవీలో వేస్తే నాకు ఆ చీర మామిడి చిగురు రంగులోనే కనబడుతుంది.

ఇంటరయ్యాక నేను ఇంజనీరింగు, తను బీకాం. మళ్ళీ ఇంటి దగ్గరే ఉన్నాం కాబట్టి ఆ నాలుగేళ్ళు హాళ్ళన్నీ మావే. ఫస్ట్ షో చూసి, అలంకార్ సెంటర్లో పునుగులు తిని, సత్యనారాయణపురం దాకా నడిచేవాళ్ళం. ఆ నడకలో కూడా తను చూసిన సినిమానే మళ్ళీ చెప్పేది. నేను పక్కన కూర్చుని చూసిందే! అయినా వినేదాన్ని. నేను చూడనివి ఎన్నో తనకి కనబడేవి. ఈలోపు డిజిటల్ వచ్చి ప్రింటు బాక్సులు పోయాయి. సినిమా శాటిలైట్లో నేరుగా హాలుకి దిగుతోంది. ఫిల్ము ముక్కలు ఇక లేవు. బాబాయ్ సంతకం పెట్టడానికి వెళ్తూనే ఉన్నాడు కానీ చేతిలో డబ్బా లేకపోతే ఉత్త చేతులతో పెళ్ళికి వెళ్తున్నట్టుందని అనేవాడు.

2015లో నాకు డాలస్ దగ్గర ఎమ్మెస్ సీటు వచ్చింది. మా బ్యాచ్‌లో చాలామంది వెళ్తున్నారు, నేనూ అప్లై చేశాను. తనతో ముందే చెప్పాను, తనే కూర్చుని నా అప్లికేషన్లలో తప్పులు దిద్దింది. వీసా వచ్చిన రోజు మా ఇంట్లో కంటే వాళ్ళింట్లో ఎక్కువ స్వీట్లు పంచారు. విడిపోతున్నామన్న మాట మాత్రం ఇద్దరం అనలేదు.

జూలై 10న బాహుబలి మొదటి భాగం వచ్చింది. రెండేళ్ళకు పైగా ప్రభాస్ సినిమా లేక ఎదురుచూసి చూసి ఉన్నాను. మరో నాలుగు రోజుల్లో గోదావరి పుష్కరాలు, బస్టాండు, స్టేషను అప్పటికే కిటకిటలాడుతున్నాయి. ఇక్కడ హాళ్ళ దగ్గర అంతకంటే ఎక్కువ జనం. మొదటి రోజు టికెట్లు దొరకడం అసాధ్యం అనుకున్నాం. బాబాయ్ తన జీవితంలో మొదటిసారి ఎవరినో అడిగి రెండు టికెట్లు తెచ్చాడు. అప్పుడు కూడా డబ్బిచ్చే తెచ్చాడు, ఆ సంగతి రెండుసార్లు చెప్పాడు.

ఆ ఆట గురించి రాయాలంటే ఎంతైనా రాయొచ్చు. చించిన కాగితాలు బాల్కనీ నుంచి కురుస్తూనే ఉన్నాయి. జలపాతం ఎక్కుతుంటే హాలంతా సీట్ల మీద నిలబడింది. మహేష్ అభిమాని అయిన నా స్నేహితురాలు నా కంటే ఎక్కువ ఈలలు వేసింది. నా కోసం వేసింది, అది నాకు తెలుసు. చివర్లో కట్టప్ప నోట ఆ మాట వచ్చి తెర ఆగిపోయినప్పుడు ఎవరూ లేవలేదు. ఇంకా ఏదో ఉంటుందని కాసేపు అలాగే కూర్చున్నారు. ఇంటికి నడుస్తూ కట్టప్ప ఎందుకు చంపాడన్న దాని మీద తను అప్పటికప్పుడు కథలు అల్లింది. ఒకదాన్ని మించి ఒకటి. రైల్వే గేటు దగ్గర ఆగి, "రెండో భాగం వచ్చేటప్పటికి నువ్వు ఇక్కడ ఉండవు కదే" అంది.

నేను వెళ్ళిపోవడం గురించి తను అన్నది ఆ ఒక్క మాటే. తర్వాత మళ్ళీ కట్టప్ప దగ్గరికి వెళ్ళిపోయింది.

సూట్‌కేసులు సర్దడం ఎలా ఉంటుందో వెళ్ళినవాళ్ళందరికీ తెలుసు. రెండు పెట్టెలు, ఒక్కొక్కటి 23 కిలోలు. స్ప్రింగు కాటా కొక్కేనికి తగిలించి ఎత్తడం, మళ్ళీ దించి ఏదో ఒకటి తీయడం. తను నాకోసం లెనిన్ సెంటర్లో ఏరి కొన్న పాత సితారలు ఒక కట్ట అడుగున పెట్టింది. బరువు మించింది. ఆవకాయ తీయాలా, కుక్కర్ తీయాలా అని అమ్మ చూస్తుంటే తనే ఆ కట్ట బయటికి లాగేసింది. "ఇవి నేను ఫోన్లో చదివి వినిపిస్తాలే. ఆవకాయ వినిపించలేను కదా" అంది. ఆ కట్ట ఇప్పటికీ వాళ్ళింట్లో అలమరలో ఉంది.

ఆగస్టు 7న శ్రీమంతుడు విడుదలైంది. ఆ వారం నేను బ్యాంకు చుట్టూ, లోను కాగితాల చుట్టూ తిరుగుతున్నాను. తన హీరో సినిమా, ఇద్దరం కలిసి వెళ్దామనుకున్నది, కుదరలేదు. తను ఒక్కతే మొదటి రోజు చూసొచ్చింది. మామూలుగా అయితే ఆ రాత్రే నాకు మొత్తం చెప్పేసేది. ఆ వారం ఇల్లంతా చుట్టాలు, చెప్పడానికి చోటు లేదు, టైము లేదు. అప్పట్లో గన్నవరం నుంచి బయటి దేశాలకు విమానాలు లేవు, హైదరాబాద్ వెళ్ళాల్సిందే. మేం బయలుదేరిన రోజు పొద్దున్నే తను, బాబాయ్, పిన్ని స్టేషనుకి వచ్చారు. సామాను ఎక్కించాక ఇంకా కొంత టైముంది. అమ్మ, పిన్ని మాట్లాడుకుంటున్నారు. తను నన్ను కిటికీ దగ్గర కూర్చోబెట్టి, తను ప్లాట్‌ఫాం మీద నిలబడి, "టైటిల్స్ పడ్డాయి" అంది.

నేను ఏడుస్తానని భయపడుతూ ఉన్నదాన్ని, కథలో పడిపోయాను. టీ అమ్మేవాడు మా మధ్య నుంచి దాటుతుంటే ఆగి, దాటాక మళ్ళీ అదే డైలాగు అందుకుంది. పక్క సీటు పెద్దాయన పేపరు మడిచి వింటున్నాడు. హీరోయిన్‌కి అతనెవరో తెలిసిపోయే దగ్గరికి వచ్చింది, హీరో ఆ పల్లెటూరు వెళ్ళేదాకా వచ్చింది. బండి కదిలింది. తను నాలుగడుగులు వెంట నడిచి, "ఇంటర్వెల్!" అని అరిచింది. బాబాయ్ చెయ్యి ఊపుతూ, "అమ్మాయ్, కృష్ణా వదిలి ఓవర్సీస్ ఏరియాకి వెళ్తున్నావు, జాగ్రత్త" అన్నాడు.

సెకండ్ హాఫ్ నేను టెక్సాస్‌లో విన్నాను. నలుగురం అమ్మాయిలం కలిసి తీసుకున్న అపార్ట్‌మెంటు, ఇంకా ఒక్క కుర్చీ కూడా లేదు. కార్పెట్ మీద గోడకి ఆనుకుని కూర్చుని ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాను. నాకు రాత్రి, తనకి పొద్దున. వెనక పిన్ని కుక్కర్ విజిల్స్ వినబడుతున్నాయి. ఎక్కడ ఆపిందో ఒక్క మాట తేడా లేకుండా అక్కడే అందుకుంది. అయిపోయాక ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత తను, "శుభం" అంది. ఆ సినిమా నేను ఇప్పటిదాకా చూడలేదు. ఎన్నోసార్లు టీవీలో, యాప్‌లో ఎదురొచ్చింది. చూడాలనిపించదు. నాకు ఉన్నది నాకు చాలు.

రెండో భాగం 2017 ఏప్రిల్ 28న వచ్చింది. అమెరికాలో ప్రీమియర్లు ముందురోజు సాయంత్రమే పడతాయి. మాకు గురువారం సాయంత్రం ఆరున్నర అంటే బెజవాడలో శుక్రవారం తెల్లవారుజామున అయిదు. అంటే కట్టప్ప సంగతి తన కంటే నాకు ముందు తెలుస్తుంది. మా ఇద్దరి చరిత్రలో అలా ఎప్పుడూ జరగలేదు. హాలుకి వెళ్ళేముందు తన మెసేజ్ వచ్చింది: "నాది మ్యాట్నీ. అప్పటిదాకా ఏమీ చెప్పకు. బాగుందో లేదో కూడా చెప్పకు." హాల్లో ఇక్కడ కూడా కాగితాలు ఎగిరాయి, ఈలలు పడ్డాయి. నా ఫ్రెండ్స్ అందరూ అటూ ఇటూ ఉన్నారు. ఆ జవాబు తెర మీద తెలిసిన క్షణంలో నేను మాత్రం, ఆ రాత్రి రైల్వే గేటు దగ్గర తను అల్లిన కథల్లో ఏది దగ్గరగా ఉందా అని వెతుక్కున్నాను. ఒకటి చాలా దగ్గరగా వచ్చింది. ఆ మాట వెంటనే చెప్పాలని ఎంత అనిపించినా, తన మ్యాట్నీ అయ్యేదాకా మేలుకునే ఉన్నాను. బయటికి రాగానే ఫోను చేసి మొదటి మాటగా, "నేను చెప్పానా!" అంది.

2018లో తనకి గుంటూరు సంబంధం కుదిరి పెళ్ళయింది. వీసా మార్పులో ఉండి నేను వెళ్ళలేకపోయాను, ముహూర్తం ఫోన్లో చూశాను. దాని గురించి ఎక్కువ రాయలేను. బాబాయ్ మాత్రం, "ఇది కూడా ఏరియా మారిపోయింది" అన్నాడు. 2020లో కరోనాతో హాళ్ళన్నీ మూసేసినప్పుడు ఓటీటీలో కొత్త సినిమా వస్తే ఫోన్లో ఒకటి, రెండు, మూడు అనుకుని ఒకేసారి ప్లే నొక్కేవాళ్ళం. నాకు పొద్దున కాఫీ, తనకి రాత్రి భోజనం. నెట్ ఆగి ఒకరిది వెనకబడితే రెండోవాళ్ళు కూడా ఆపేవాళ్ళం. ఆ ఏడాది చివర్లో తనకి పాప పుట్టింది.

పాప పుట్టాక మొదటి రెండేళ్ళు తను హాలు మొహం చూడలేదు. పసిదాన్ని వదిలి రాలేదు, తీసుకెళ్తే ఆ చప్పుడుకి ఏడుస్తుంది. ఒక రాత్రి పాపని భుజాన వేసుకుని తిరుగుతూ ఫోన్లో అడిగింది: "నిన్న చూశావుగా. చెప్పవే."

నాకు తనంత బాగా చెప్పడం రాదు. అయినా చెప్పాను. మధ్యలో ఆపి అడిగేది. "ఆ పాటలో చీర ఏ రంగు?" "వాళ్ళమ్మ పాత్ర ఏడ్చినప్పుడు వెనక వాన ఉందా లేదా?" "అతను తలుపు తీశాడా, తలుపు తీసే ఉందా?" మొదటిసారి చాలావాటికి నా దగ్గర జవాబు లేదు. ఆ తర్వాత నుంచి నేను సినిమా చూసే పద్ధతే మారిపోయింది. చీర అంచులు చూస్తాను. వెనక గోడ మీద ఏ ఫోటో ఉందో చూస్తాను. మ్యూజిక్ ఎక్కడ ఆగిందో గుర్తుపెట్టుకుంటాను. నా పక్కన కూర్చున్నవాళ్ళు పాప్‌కార్న్ తెచ్చుకోవడానికి లేచే పాటల్లో నేను కళ్ళార్పకుండా కూర్చుంటాను. తను చిన్నప్పటి నుంచీ సినిమాని ఎలా చూసిందో నాకు ఇప్పుడు తెలుస్తోంది. ఆ ఆదివారాలకి చెప్పడం కోసం తను ఎంత శ్రద్ధగా చూసి ఉంటుందో కూడా.

బాబాయ్ రిటైరై ఇంట్లోనే ఉంటున్నాడు. ఫోను చేస్తే ముందు ఓవర్సీస్ కలెక్షన్లు అడుగుతాడు. ఇక్కడ ఏ ఊళ్ళో ఏ హాల్లో ఎంత వచ్చిందో కంప్యూటర్లో గంట గంటకీ తెలిసిపోతుందంటే ఆశ్చర్యపోతాడు కానీ ఆయన మనసు ఒప్పుకోదు. "మనిషి వెళ్ళి చూడకుండా, సంతకం లేకుండా, ఆ లెక్క ఎలా నమ్ముతారమ్మా?" అంటాడు.

వచ్చే సంక్రాంతికి ఇంటికి వెళ్తున్నాను. తనూ పాపని తీసుకుని గుంటూరు నుంచి పుట్టింటికి వస్తోంది. పండగ సినిమాల్లో ఒకటి ముగ్గురం చూడాలన్నది ఖాయం. ఎక్కడ చూడాలన్న దాని మీద మాత్రం నెల రోజులుగా వాదించుకుంటున్నాం. నేను గాంధీనగర్లోనే, బాల్కనీలోనే అంటున్నాను. పాపతో అంటే మాల్ అయితే పార్కింగ్ బాగుంటుంది, బాత్రూములు బాగుంటాయి, బందరు రోడ్డు మీద పీవీపీకి వెళ్దామని తనంటోంది. అది న్యాయమే, కానీ నేను ఒప్పుకోలేదు. బాబాయ్‌ని తీర్పు చెప్పమంటే ఆయన హాలు సంగతి ఎత్తకుండా, టికెట్లు తనే కొంటానన్నాడు. నలుగురికి. తను కూడా వస్తాడట.